ఒకే బులెటిన్‌లో వడగాడ్పులూ, గాలివానా: వడ్లు ఆరబోసినవాళ్లు దాన్ని ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సూర్యాపేట దగ్గర కొనుగోలు కేంద్రంలో మీ నాన్నగారు యాసంగి వడ్లు ఆరబోశారు, కాంటా అయ్యేసరికి ఇంకో నాలుగైదు రోజులు పట్టేలా ఉంది. శనివారం సాయంత్రం హన్మకొండలో మీ చెల్లెలి రిసెప్షన్ ఆరుబయట పెట్టుకున్నారు. వాతావరణ శాఖ ఐదు రోజుల సూచనలో పగటి ఉష్ణోగ్రతలు 42 నుంచి 44 డిగ్రీలు, ఒకటి రెండు చోట్ల వడగాడ్పులు అని ఉంది. దాని కిందనే ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులు, గంటకు 40–50 కిలోమీటర్ల ఈదురుగాలులతో తేలికపాటి నుంచి మోస్తరు వర్షం అనీ ఉంది. ఏది జరిగినా తప్పు మీద పడకుండా రెండూ రాసేశారా, వీటిలో ఏది నమ్మాలి, మే నెలంతా ఇలాగే ఉంటుందా అని అడిగారు.

రెండూ నమ్మండి. అయితే వడ్లకు ఒక లెక్క, రిసెప్షన్‌కు ఇంకో లెక్క. రైతులకు వాతావరణ సలహాలు రాసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఆ "ఒకటి రెండు చోట్ల" సంగతి చూద్దాం. అది ఊరికే వాడే మాట కాదు, దానికి కొలత ఉంది. ఒక ప్రాంతంలో వాన కొలిచే స్టేషన్లు ఎన్ని ఉన్నాయో వాటిలో నాలుగో వంతు దాటకుండా పడితే ఒకటి రెండు చోట్ల అంటారు. 26 నుంచి 50 శాతం దాకా అయితే కొన్ని చోట్ల, 75 శాతం దాకా అయితే చాలా చోట్ల, అంతకు మించితే దాదాపు అన్ని చోట్ల. అంటే ఆ సూచన పూర్తిగా నిజమైన రోజున కూడా జిల్లాలో ఎక్కువ ఊళ్లకు చుక్క పడదు. పడని ఊరివాళ్లు "వానన్నారు, ఏదీ?" అంటారు. పడిన ఊరివాళ్లు "ఇంత గాలి వస్తుందని ఎవరు చెప్పారు?" అంటారు. ఇద్దరికీ అందింది ఒకే బులెటిన్.

ఇప్పుడు మీ రెండు పనులకు దీన్ని అన్వయించండి. ఒక సాయంత్రం ఒక చోట వాన తగిలే అవకాశం 15 శాతం అనుకుందాం, లెక్క కోసం. రిసెప్షన్ ఒక్క సాయంత్రమే. నూటికి 85 పాళ్లు ఏమీ కాదు, ఒక పక్కా హాలు అందుబాటులో పెట్టుకుని ధైర్యంగా చేసుకోవచ్చు. వడ్లు మాత్రం ఐదు సాయంత్రాలు ఆకాశం కిందే ఉంటాయి. ఐదు రోజులూ తప్పించుకునే అవకాశం 0.85ను ఐదుసార్లు హెచ్చిస్తే వస్తుంది, అది 44 శాతం. అంటే కనీసం ఒక్కసారైనా తడిసే అవకాశం 56 శాతం, సగానికి పైనే. నిజానికి ఒక రోజు వాతావరణం ముందు రోజు వాతావరణం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, కానీ ఆలోచించాల్సిన దారి ఇదే. రోజువారీ సూచనలో చిన్నగా కనిపించే ముప్పు, రోజుల తరబడి బయట ఉన్న సరుకుకు చిన్నది కాదు. కొనుగోలు కేంద్రాల్లో ప్రతి ఏడూ వడ్లు తడిసేది ఇందువల్లే. ఏ ఒక్క రోజూ "పెద్ద వాన" హెచ్చరిక లేకుండానే తడుస్తాయి.

ఇంకొకటి. "మోస్తరు వర్షం" అంటే తేలికగా తీసుకోకండి. 24 గంటల మొత్తం 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటే దాన్ని మోస్తరు అంటారు. రుతుపవనాల్లో ముసురు పట్టి రోజంతా కురిసిన 40 మిల్లీమీటర్లూ మోస్తరే, మే నెలలో నలభై నిమిషాల్లో కుమ్మరించిన 40 మిల్లీమీటర్లూ మోస్తరే. మొదటిది పొలానికి మంచిది. రెండోది కల్లంలో వడ్లను కాలువలోకి ఈడ్చుకుపోతుంది. ఇక ఆ 24 గంటలు లెక్కపెట్టేది ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. శుక్రవారం రాత్రి కురిసిన వాన శనివారం ఉదయం లెక్కలో కనిపిస్తుంది. "శనివారం పడింది అన్నారు, మాకు పడలేదే" అనే గొడవల్లో సగం దీని నుంచే వస్తాయి.

ఇక ఎండ. మైదాన ప్రాంతంలో వడగాడ్పు అని ప్రకటించాలంటే ముందు 40 డిగ్రీలు దాటాలి, ఆపైన ఆ రోజుకు ఉండాల్సిన సగటు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. 6.4 మించితే తీవ్ర వడగాడ్పు. సగటుతో పని లేకుండా 45 తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్రం. తీరప్రాంతానికి 37 డిగ్రీలే గీత, సగటు కంటే 4.5 ఎక్కువ ఉంటే చాలు. ఎక్కడైనా సరే, ఒక ఉపవిభాగంలో, అంటే వాతావరణ శాఖ తన లెక్క కోసం విడగొట్టుకున్న ప్రాంతంలో, కనీసం రెండు స్టేషన్లలో, వరుసగా రెండు రోజులు ఉంటేనే. కాబట్టి రామగుండంలోనో ఖమ్మంలోనో మే నెలలో 43 ఉండి కూడా బులెటిన్‌లో వడగాడ్పు అని రాకపోవచ్చు, అక్కడ ఆ రోజుల్లో 43 అనేది పెద్ద వింత కాదు కాబట్టి. మీ ఒంటికి ఆ తేడా ఏమీ తెలియదు. ప్రకటించారా లేదా అని కాకుండా అంకెను చూసుకోండి.

అంకెల్లో తేడాలు ఎందుకని చాలామంది అడుగుతారు. వాతావరణ శాఖ స్టేషన్లు కొన్నే. తెలంగాణ ప్రణాళికాభివృద్ధి సంస్థకు మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు చాలా ఉన్నాయి. ఎక్కువ చోట్ల కొలిస్తే ఎక్కడో ఒక చోట ఎక్కువ అంకె దొరుకుతుంది, మర్నాడు పేపర్లో పతాక శీర్షిక అదే అవుతుంది. రెండూ గాలి ఉష్ణోగ్రతను నీడలోనే కొలుస్తాయి. ఫోన్‌లో యాప్ చూపించేది చాలాసార్లు మీ ఊళ్లో ఎవరూ కొలిచింది కాదు, కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. కారు డాష్‌బోర్డు మీద 48 కనిపించిందని ఫొటో పెట్టేవాళ్లకు నేను జవాబు చెప్పడం మానేశాను.

సరే, అసలు ప్రశ్న. అంత ఎండ కాసిన చోటే సాయంత్రం గాలివాన ఎందుకు వస్తుంది?

ఉరుముల మేఘం పుట్టాలంటే మూడు కావాలి: కింద వేడి, గాలిలో తేమ, ఆ గాలిని పైకి తోసేది ఏదో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో వేడికి కొదవ లేదు. తేమ బంగాళాఖాతం నుంచి రావాలి. ఆ రాకను నిర్ణయించేది బులెటిన్‌లో మొదటి పేరాలో ఉండి, ఎవరూ చదవకుండా దాటేసే వాక్యం: "విదర్భ నుంచి మరఠ్వాడా, అంతర్గత కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి కొనసాగుతోంది." ఈ ద్రోణి రెండు రకాల గాలుల మధ్య సరిహద్దు. దానికి పడమరన వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి. తూర్పున సముద్రం మీద నుంచి దక్షిణ, ఆగ్నేయ దిశల్లో వచ్చే తేమ గాలి. ద్రోణి కర్ణాటక మీద, అంటే మీకు పడమరన ఉంటే, మీరు తేమ వైపు ఉన్నట్టు. అప్పుడు ఎండ 40–41 దగ్గర ఆగి ఉక్కగా ఉంటుంది, సాయంత్రం ఉరుములకు అవకాశం ఎక్కువ. అదే ద్రోణి తూర్పుకు జరిగి కోస్తా మీదకు పోతే మీరు పొడి వైపు పడ్డట్టు. ఆకాశం తేటగా ఉంటుంది, 44 దాటుతుంది, వాన మాట మరచిపోవచ్చు. ద్రోణి ఒక్కో రోజు ఇటూ అటూ జరుగుతూ ఉంటుంది. ఐదు రోజుల సూచనలో వడగాడ్పూ వానా రెండూ రాయడానికి అసలు కారణం ఇది. సూర్యాపేట లాంటి చోటు ఆ సరిహద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు సోమవారం ఒక వైపు, బుధవారం ఇంకో వైపు ఉండొచ్చు. ఒకే రోజు ఉమ్మడి ఆదిలాబాద్‌లో వడగాడ్పు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో గాలివాన ఉండొచ్చు. రాష్ట్రం మొత్తానికి రాసే పేరాలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

తేమ ఉన్నా మధ్యాహ్నం రెండింటి దాకా ఏమీ జరగదు, ఎందుకంటే భూమికి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులో వాయవ్యం నుంచి వచ్చిన వేడి పొడి గాలి పొరగా పరుచుకుని ఉంటుంది. అది ఎసరు మీద మూతలా కింద గాలిని లేవనివ్వదు. భూమి కాగి కాగి కింద గాలి ఆ పొర కంటే వేడెక్కినప్పుడు, ఏదో ఒక చోట మూత లేస్తుంది. అప్పటిదాకా కింద పోగైన శక్తి అంతా ఆ ఒక్క చోట నుంచి బయటపడుతుంది. అరగంట, ముప్పావు గంటలో మేఘం 12 కిలోమీటర్లు దాటి పెరుగుతుంది. మూత బలంగా ఉంటే ఎంత తేమ ఉన్నా, ఎంత ఎండ ఉన్నా, చిన్న చిన్న తెల్ల మేఘాలు లేచి చల్లారిపోతాయి. వాన "ఎగ్గొట్టిన" రోజుల్లో చాలావాటికి కారణం ఇదే. బేగంపేట నుంచి తెల్లవారుజామున వదిలే బెలూన్ ఈ పొర ఎంత మందంగా ఉందో చెబుతుంది. కానీ ఆ బెలూన్ చెప్పేది హైదరాబాద్ మీద 5:30 గంటల పరిస్థితి. సాయంత్రం నాలుగింటికి తుంగతుర్తి మీద మూత లేస్తుందా, మోతె మీద లేస్తుందా అని ఏ మోడలూ ముందురోజు చెప్పలేదు. చెప్పినట్టు కనిపించే గంటగంటకూ బొమ్మల యాప్‌లను నేను పట్టించుకోను.

గాలి ఎంత జోరుగా ఉంటుందనేది కూడా ఎండే నిర్ణయిస్తుంది. దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ తీసేసి 125తో గుణిస్తే మేఘం అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో సుమారుగా వస్తుంది. డ్యూ పాయింట్ అంటే గాలిలో ఆవిరి మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత. గాలిలో తేమ ఎంత ఉందో చెప్పడానికి శాతాల కంటే నమ్మదగిన అంకె అది, చాలా యాప్‌ల్లో ఉంటుంది. సూర్యాపేటలో 43 డిగ్రీలు, డ్యూ పాయింట్ 17 ఉందనుకోండి. తేడా 26, మేఘం అడుగు 3,250 మీటర్ల ఎత్తులో. బందరులో 36 డిగ్రీలు, డ్యూ పాయింట్ 26 అయితే 1,250 మీటర్లే. మూడు కిలోమీటర్ల పైనుంచి రాలే చినుకు, కాగిన పొడి గాలిలోంచి వస్తూ సగం దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాగుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి దబ్బున కిందికి పడి, నేలకు తగిలి నలుదిక్కులా పరుగెత్తుతుంది. మీకు తెలిసిన దుమారం ఇదే. వాన నాలుగు చినుకులే పడినా రేకులు లేచిపోవడం, మామిడి కాయ రాలిపోవడం, అరటి తోట నడుం విరగడం దీనివల్లే. అందుకే మీ జిల్లాలో 43 ఉన్న రోజున "తేలికపాటి వర్షం" అన్న మాట కంటే "40–50 కిలోమీటర్ల ఈదురుగాలి" అన్న మాటకు ఎక్కువ భయపడాలి.

ఆ చల్లగాలి ఉరుముల మేఘం కంటే ముందే చాలా దూరం పోతుంది. పోతూ పోతూ ఎదురైన వేడి గాలిని పైకి ఎత్తి కొత్త మేఘాలను పుట్టిస్తుంది. ఒక మండలంలో తగ్గింది అనుకునేలోపు పక్క మండలంలో మొదలయ్యేది అందుకే.

ఎండా వానా ఒకదానికొకటి అడ్డం కావని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2024 మే మొదటి వారంలో తెలంగాణలో కొన్ని మండలాల్లో 46 డిగ్రీలు దాటింది, జనం ఇళ్లలోంచి బయటికి రాలేదు. అదే వారం మే 7 సాయంత్రం హైదరాబాద్‌ను గాలివాన ముంచెత్తింది. బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ గోడ కూలి కూలీల కుటుంబాలకు చెందిన ఏడుగురు చనిపోయారు, వాళ్లలో చిన్న పిల్లవాడు కూడా ఉన్నాడు. వడగళ్ల సంగతి కొంచెం వేరు. అవి మే కంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ. అప్పటికి పైన గాలి ఇంకా చల్లగా ఉంటుంది, రాయి కరిగేలోపు నేలకు చేరుతుంది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లు తెల్లగా కప్పుకుపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

కోస్తా, సీమ పాఠకుల కోసం నాలుగు మాటలు. కోస్తాలో మధ్యాహ్నం సముద్రపు గాలి వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని అడ్డుకుంటే ఒంగోలు, బందరు కూడా 44–45కు పోతాయి. పల్నాడులో రెంటచింతల సంగతి చెప్పనక్కర్లేదు. బంగాళాఖాతంలో తుపాను పుట్టి ఒడిశా, బెంగాల్ వైపు పోతున్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది తేమను తనవైపు లాక్కుని మన మీదకు పొడి పడమటి గాలిని రప్పిస్తుంది. తుపాను వార్త చూసి చల్లబడుతుందని సంబరపడకండి, ముందు అది ఎటు పోతుందో చూడండి. ఉత్తరాంధ్రలో మధ్యాహ్నం ఏజెన్సీ కొండల మీద మేఘాలు లేచి సాయంత్రానికి మైదానం వైపు దిగుతాయి, అల్లూరి, మన్యం జిల్లాలవాళ్లకు ఇది రోజూ చూసేదే. పిడుగులూ అక్కడ ఎక్కువే. రాయలసీమలో అరటి, మామిడి రైతులకు వాన కంటే గాలే శత్రువు. 36 డిగ్రీలేగా అని కోస్తావాళ్లు తేలికగా తీసుకోవద్దు. గాలిలో తేమ 65 శాతం ఉంటే ఆ 36 ఒంటికి 50 దగ్గర తగిలినట్టు ఉంటుంది. చెమట ఆరదు కదా.

మళ్లీ మీ వడ్ల దగ్గరికి వద్దాం. ఐదు రోజుల సూచనను రోజూ ఒకసారి మాత్రమే చూడండి, ద్రోణి ఎటు ఉందో తెలుసుకోవడానికి. రంగులు కూడా చూడండి: పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక పని మొదలుపెట్టమని. మే నెల సాయంత్రాలకు చాలాసార్లు పసుపే ఉంటుంది. పసుపు కదా అని నిద్రపోతే మాత్రం కష్టం. ఒక ఊళ్లో వడ్లు కొట్టుకుపోవడానికి పసుపు రోజు చాలు.

ఉదయం తొమ్మిదింటికి డ్యూ పాయింట్ చూడండి. 20 దాటి ఉంటే, గాలి దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో ఉంటే, ఆ రోజు జాగ్రత్త. 12–14 దగ్గర ఉండి పడమటి గాలి కొడుతుంటే నిశ్చింతగా ఆరబెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఆకాశం చూడండి. మేఘాలు చదునుగా, చెదిరి ఉంటే మూత గట్టిగా ఉందని. గోపురాల్లా నిలువుగా పెరుగుతూ అంచులు పదునుగా కనిపిస్తుంటే ఎక్కడో లేస్తోందని. మూడింటి నుంచి వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ తెరవండి, ఉచితం. ఎరుపు మచ్చలు, అంటే బలమైన వాన మేఘాలు, ఎక్కడ ఉన్నాయో, ఇరవై నిమిషాల్లో ఎటు జరిగాయో చూస్తే మీకు ఎంత వ్యవధి ఉందో తెలిసిపోతుంది. ఈ కాలంలో మీ వైపు అవి ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచే వస్తాయి. దీంతో పాటు జిల్లాలవారీగా మూడేసి గంటలకు ఇచ్చే తక్షణ సూచన ఉంటుంది, నౌకాస్ట్ అంటారు. మొత్తం వ్యవస్థలో మీ కల్లానికి నిజంగా పనికొచ్చేది అదే. టీవీ స్క్రోలింగ్‌లో అది వచ్చేసరికి సగం సమయం అయిపోతుంది, నేరుగా మౌసమ్ యాప్‌లోనో, విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్‌లోనో చూడండి. సొంతంగా రాడార్ చదివి ఊళ్ల పేర్లతో సహా చెప్పే కుర్రాళ్లు సోషల్ మీడియాలో ఇప్పుడు చాలామంది ఉన్నారు, కొందరు చాలా బాగా చెబుతారు. రెండు గంటల ముందు మాట వాళ్లను అడగండి, పది రోజుల ముందు మాట అడగకండి.

పని ఎలా అంటే, 43 డిగ్రీల ఎండ వడ్లకు వరమే. కేంద్రంలో కొనాలంటే 17 శాతం తేమకు దిగాలి కదా, ఉదయం పదింటి నుంచి పలుచగా నెరిపి, గంటకోసారి కాళ్లతోనో పలకతోనో తిప్పితే త్వరగా దిగుతుంది. మందంగా పోసి వదిలేస్తే పైది మాడి కింది పచ్చి అలాగే ఉంటుంది. బాగా కాగిన గింజ ఒక్కసారిగా తడిస్తే లోపల పగులుతుంది, మిల్లులో నూక పెరుగుతుంది. అందుకని ఆకాశం ఎలా ఉన్నా మూడు, మూడున్నరకల్లా కుప్ప చేసేయండి. రోజూ. రాడార్ చూసి పరుగెత్తుదాం అనుకుంటే మేఘం పుట్టి మీ మీదకు రావడానికి పట్టేది గంట, అంతకంటే తక్కువ కూడా. పది మంది రైతులకు నాలుగు టార్పాలిన్లు ఉన్న చోట గంట సరిపోదు. కుప్ప మెరక మీద పొడవుగా, గాలి వచ్చే దిక్కుకు సన్నని కొస ఉండేలా పోయండి. చుట్టూ జానెడు కాలువ తీయండి, ఎందుకంటే వడ్లు పైనుంచి కంటే కింద నుంచే ఎక్కువ తడుస్తాయి. పట్టా అంచుల మీద రాళ్లు పెడితే 50 కిలోమీటర్ల గాలికి లేచిపోతుంది. ఇసుక బస్తాలు వరుసగా పెట్టి, పైన తాడు అడ్డంగా కట్టండి. తెల్లారగానే పట్టా తీసేయండి, వేడి వడ్లు లోపల చెమర్చి రంగు మారతాయి. కాంటా అయిపోయి లారీ కోసం ఉన్న బస్తాలను మాత్రం మరిచిపోకండి. అవి ఎవరి బాధ్యతా కానట్టు పడి ఉంటాయి, మొదట తడిసేవీ అవే.

ఒక షరతు. ఉరుము వినబడితే పట్టా పట్టుకుని బయట ఉండొద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు ఉంటే కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లు అంటే పది కిలోమీటర్లు, అప్పటికే మీరు పిడుగు అందే దూరంలో ఉన్నట్టు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. కల్లం దగ్గరి చెట్టు, గోడలు లేని రేకుల షెడ్డు, ట్రాక్టర్ సీటు ఇవేవీ రక్షణ కావు. పక్కా గది, లేదా అద్దాలు మూసిన కారు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి రావాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ మీ చుట్టూ 20–40 కిలోమీటర్లలో పిడుగులు పడుతున్నాయా చెబుతుంది, మీ నాన్నగారి ఫోన్‌లో వేసిపెట్టండి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని దగ్గరికి పోకుండా నిలబడిపోతారు, అది నిజం కాదు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెడితే బతికే అవకాశం ఉంది.

వడ్లు తిప్పే మనుషుల గురించి కూడా. పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించవద్దు, ఆ మూడు గంటలు తిప్పకపోయినా గింజ దానంతటదే ఎండుతుంది. మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే, దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. ఎవరైనా మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. నీడకు తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు.

రిసెప్షన్‌కు నా సలహా: శుక్రవారం ఉదయం ఒకసారి, శనివారం ఉదయం ఒకసారి సూచన చూడండి. "కొన్ని చోట్ల" లేదా "చాలా చోట్ల" అని మారినా, రంగు నారింజకు మారినా భోజనాలు హాల్లోకి మార్చేయండి. మారకపోతే బయటే కానివ్వండి. కానీ ఆ సాయంత్రం ఒక బాధ్యత గల మనిషికి రాడార్ చూసే పని అప్పగించండి, పెళ్లికొడుకు తమ్ముడికి కాదు. నేను భయపడేది తడవడం గురించి కాదు. ఇనుప గుంజలు, ఎత్తైన స్టేజీ, లైట్ల టవర్లు, వాటికి చుట్టిన కరెంటు తీగలు, ఈదురుగాలికి ముందు పడేవి ఇవే. టెంట్‌హౌస్ వాళ్లతో గుంజలను నేలలో పాతి కట్టమని ముందే మాట్లాడండి, డ్రమ్ముల్లో నిలబెట్టి వదిలేయొద్దని చెప్పండి. పడమర నుంచి చల్లటి గాలి ఒక్కసారిగా తగిలి దుమ్ము వాసన వచ్చిందంటే ఇక మీ దగ్గర ఉన్నది పది నిమిషాలు, పావుగంట. అప్పుడు ఫొటోలు ఆపి జనాన్ని హాల్లోకి పంపించాలి. జనరేటర్ ఆపే మనిషి ఎవరో కూడా ముందే అనుకోండి.

మే నెలంతా ఇలాగేనా అన్నారు. వాతావరణ శాఖ గురువారాల్లో ఇచ్చే విస్తృత కాల సూచనలో రాబోయే వారాల్లో ఎండ సగటు కంటే ఎక్కువా తక్కువా, వాన ఎక్కువా తక్కువా అన్నది మాత్రమే ఉంటుంది. అది వారం మొత్తానికి సగటు, ఫలానా రోజు అని ఉండదు. రోహిణి కార్తె దాకా ఈ ఎండలూ, మధ్య మధ్య ఈ గాలివానలూ మామూలే. మే చివరికి వచ్చేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది కాబట్టి ఉక్కపోత ఎక్కువవుతుంది, రాత్రుళ్లు కూడా చల్లబడవు. రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మొదటి రెండు వారాల్లో మన దగ్గరికి వస్తాయి. మీ నాన్నగారు ఇంకా కోయని మడి ఏదైనా ఉంటే, గురువారం సూచనలో వచ్చే వారానికి వాన సగటు కంటే ఎక్కువ అని వచ్చినప్పుడు హార్వెస్టర్‌ను రెండు రోజులు ముందే రప్పించమనండి. కోసి రోడ్డు మీద పోయడం కంటే, కేంద్రంలో చోటు దొరికాకే కోయడం ఇంకా మంచిది.